నాలుగు స్వరములు చాలునా? బాలమురళీకృష్ణగారి రాగకల్పన

సంగీతమును గూర్చి మన గృహములందు జరుగు సంభాషణలలో తఱచుగా ఒక మాట వినబడుచుండును. వేంకటమఖి లెక్కింపవలసినదంతయు లెక్కించి పోయెను. త్యాగరాజస్వామి పాడవలసినదంతయు పాడి పోయెను. ఇక మనకు మిగిలినది వారిచ్చినదానిని తప్పులేకుండ ఒప్పజెప్పుటయే యని. ఈ మాటలో భక్తి కలదు, వినయమును కలదు. కాని అపాయము కూడ లేకపోలేదు. తాతలు కట్టిన యింటిలో కాపురముండువాడు ఆ గోడకొక కిటికీయైనను పెట్టరాదనుకొన్నచో, కొంతకాలమునకు ఆ యింట గాలి యాడదు. సంగీతమున అట్టి కిటికీ నొకదానిని తెరువ సాహసించిన ఆంధ్రుడొకడు మన కాలముననే యుండెను. ఆయన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఆయన గాత్రమును మెచ్చనివారు తెలుగుదేశమున అరుదు. కాని గాయకుడుగా ఆయనను కొనియాడిన వారిలో పలువురు వాగ్గేయకారుడుగా ఆయన చేసిన పనిని తెలిసికొనుటకు పూనుకొనలేదు. ఆ పనిని, దానివలన పుట్టిన వివాదమును ఇచట విచారింపదలచితిమి.

ఆయన 1930 జూలై 6వ తేదీన నాటి తూర్పుగోదావరి జిల్లాలోని శంకరగుప్తమున జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువిద్వాంసులు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించువారు. తత్త్వములును కీర్తనములును రచించిన ప్రయాగ రంగదాసుగారి కుమార్తె. శిశువు పొత్తిళ్లలో నుండగనే తల్లి గతించెను. తండ్రి బిడ్డకు తన విద్యను తగినంత నేర్పి, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పగించెను. పాఠశాలలో ఆ బాలుడు చదివినది స్వల్పము. గురుకులమున నేర్చినది అనల్పము. ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయముననే విజయవాడ త్యాగరాజారాధనోత్సవమున నిండుకచేరి చేయగా, ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ఆనందించి మురళీకృష్ణ యను పేరునకు ముందు ‘బాల’ యను మాటను చేర్చిరి. ఆ మాట ఆయనను ఎనుబది యాఱవయేటివఱకు విడువలేదు. గాత్రముతోపాటు వాయులీనము, వయోలా, మృదంగము, కంజీర మున్నగు వాద్యములందును ఆయనకు ప్రవేశము కలదు.

గురుపరంపరను ఇచట చెప్పుట అవసరము. పారుపల్లివారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. వారి గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. ఆయన త్యాగరాజస్వామికి సాక్షాచ్ఛిష్యుడు. కావున స్వామి మొదలు లెక్కించిన బాలమురళీకృష్ణగారు అయిదవవారు. సంప్రదాయము తెలియక నూతనమార్గము త్రొక్కినారని ఆయనను నిందించుటకు వీలు లేదు. సంప్రదాయపు ముఖ్యధారలోనుండియే ఆయన వచ్చిరి. అంతియేకాదు. ఆ ధారకు మూలపురుషుడైన త్యాగరాజస్వామియే తనకు పూర్వము కృతులెఱుగని రాగములు పెక్కింటిలో కృతులు రచించెను. ఒక్కొక్క రాగమున ఒక్క కృతినే రచించి, ఆ రాగమునకు ఆ కృతియే రూపమగునట్లు చేసిన సందర్భములు కలవు. పూర్వులు పాడినవే పాడుదునని ఆ మహానుభావుడు కూరుచుండియుండినచో నేడు మనము పాడుకొను రాగములలో పెక్కింటికి ఉనికియే లేకుండెడిది.

ఇక మేళకర్తల మాట. సంగీతపరిచయము లేని పాఠకులకు ఈ లెక్కను క్లుప్తముగ చెప్పెదము. సప్తస్వరములలో షడ్జపంచమములు మార్పు లేనివి. ఋషభగాంధారములు కలిసి 6 జతలు, ధైవతనిషాదములు కలిసి 6 జతలు, మధ్యమములు 2. ఆఱును ఆఱుతో గుణించి, వచ్చినదానిని రెండుతో గుణించిన 72 అగును. 1550లో విజయనగరమున రామామాత్యుడు తన ‘స్వరమేళకళానిధి’లో 20 మేళములను చెప్పెను. 17వ శతాబ్దమున తంజావూరిలో వేంకటమఖి ‘చతుర్దండిప్రకాశిక’ యందు ఈ గుణకారమును చేసి 72 మేళములను నిర్ణయించెను. కాని తన కాలమున వాడుకలోనున్నవి 19 మాత్రమే యని ఆయన గ్రంథమువలననే తెలియుచున్నది. అనగా ఆయన 72 గదుల మేడకు పటము గీచెను; అందు కాపురమున్నవి 19 గదులు. తక్కినవి రాబోవువారికై విడిచిపెట్టబడినవి.

ఆ ఖాళీగదులలో ప్రవేశించుటకు జనులు భయపడుటకు కారణము కలదు. 72లో 40 మేళములు వివాదిమేళములు. ఒకదాని ప్రక్కనొకటి మిక్కిలి సన్నిహితముగ నుండు స్వరములు ఈ మేళములందు వచ్చును గాన, వీనిని శ్రావ్యముగ పాడుట కష్టము. ఈ కష్టమునుండి ఒక మూఢవిశ్వాసము కూడ పుట్టినది. వివాదిరాగములు పాడినవానికి కీడు మూడునని పెద్దలు పిల్లలను బెదరించుట కలదు. తమిళదేశమున కోటీశ్వరయ్యరుగారు (1870–1938) 72 మేళములందును కృతులు రచించి ఈ భయమును కొంత పోగొట్టిరి. బాలమురళీకృష్ణగారు కౌమారముననే ఈ పనికి పూని, 72 మేళకర్తలందును కృతులు రచించిరి. అవి ‘జనకరాగ కృతిమంజరి’ యను పేర 1952లో వెలువడినవి. నలువది వివాదిమేళములను పాడిన ఆయన 86 ఏండ్లు నిండుగ జీవించి 2016 నవంబరు 22వ తేదీన చెన్నపురిలో కీర్తిశేషులైరి. కీడును గూర్చిన బెదరింపునకు ఈ ఆయుర్దాయమే సమాధానము.

ఇంతవఱకు ఆయన పని వేంకటమఖి గీచిన గీతలోపలనే జరిగినది. వివాదము పుట్టినది తరువాత. మేళములను నింపిన పిమ్మట ఆయన దృష్టి స్వరసంఖ్యపై పడెను. రాగమునకు ఎన్ని స్వరములు కావలెను? ఏడు స్వరములున్నది సంపూర్ణము, ఆఱున్నది షాడవము, అయిదున్నది ఔడవము. మోహన, హిందోళము మున్నగునవి ఔడవములు. అయిదింటికి తక్కువైన రాగము కాదని బాలపాఠములనుండి మనకు నేర్పుచున్నారు. బాలమురళీకృష్ణగారు ఈ యెల్లను దాటి నాలుగు స్వరముల రాగములను, మూడు స్వరముల రాగములను కల్పించిరి. లవంగి, మహతి, సుముఖము నాలుగు స్వరములవి; త్రిశక్తి మూడు స్వరములది.

లవంగిని ఉదాహరణముగ గైకొందము. షడ్జము, శుద్ధఋషభము, శుద్ధమధ్యమము, శుద్ధధైవతము: ఇవియే దాని స్వరములు. ఎక్కునప్పుడును దిగునప్పుడును ఇవియే. ‘ఓంకారాకారిణి’ యను కృతిని ఆయన దీనియందు రచించిరి. గాంధారనిషాదములు లేవు గనుక ఈ రాగము ఏ మేళమునకు చెందినదని అడిగిన, కనకాంగి మొదలు మాయామాళవగౌళవఱకు 9 మేళములు తమదే యని చేయి చాపగలవు. జన్యజనకపద్ధతికి ఇది యొక చిక్కు. తొమ్మిదిమంది తండ్రులుగల బిడ్డను ఏ యింటిపేరుతో పిలువవలెను? కాని ఆలకించువానికి ఈ చిక్కుతో పని లేదు. నాలుగు స్వరముల నడుమనుండు విశాలమైన యెడములలో గాయకుడు గమకముతో తిరుగుచుండగా, ఆకలిగొన్నవాని కంఠమువలె ఆర్తియు, అంతలోనే ధైర్యమును ఆ రాగమున వినబడును. మహతియందు షడ్జము, అంతరగాంధారము, పంచమము, కైశికినిషాదము కలవు. నారదుని వీణపేరు దీనికి పెట్టిరి. పాశ్చాత్యులు ఈ నాలుగు స్వరములను ఒక్కసారిగ మ్రోగించి స్వరసంఘాతముగ వాడుదురు. వారి సంగీతమున అది అతిసామాన్యము. దానినే ఒకదాని వెనుక నొకటిగ నడిపించి, మనవారి కింపగు రాగముగ మార్చుట ఈయన నేర్పు.

ఇక నిషేధము ఎక్కడిదో చూతము. మతంగముని ‘బృహద్దేశి’ 1928లో అనంతశయన సంస్కృతగ్రంథావళిలో అచ్చుపడినది. నాలుగు స్వరములును అంతకు తక్కువయు గల గానము మార్గసంగీతము కాదని అందు కలదు. అది శబరులు, పులిందులు, కిరాతులు మున్నగు అడవిజాతులలోను, కొన్ని దేశములవారిలోను వాడబడునని చెప్పి మతంగుడొక పట్టిక నిచ్చినాడు. పాఠకులు ఆశ్చర్యపడవచ్చును గాని, ఆ పట్టికలో ఆంధ్రుల పేరును, ద్రావిడుల పేరును కలవు. నేడు కర్ణాటకసంగీతమునకు పట్టుగొమ్మలమని చెప్పుకొను రెండు జాతులును ఆ శాస్త్రకారుని దృష్టిలో శబరకిరాతుల సరసన నిలిచినవి. నాలుగు స్వరములు చాలవని నేడు తెలుగు విద్వాంసుడు తెలుగు విద్వాంసుని మందలించునప్పుడు, ఆ నియమము ఒకనాడు తన తాతలనే వెలుపల నిలిపినదని అతనికి జ్ఞప్తికి రాదు.

మఱియొక విచిత్రము. మన శాస్త్రగ్రంథములే వేదగానమును గూర్చి చెప్పునప్పుడు ఒక స్వరముతో చేయు పఠనమును ఆర్చికమనియు, రెండింటిది గాథికమనియు, మూడింటిది సామికమనియు, నాలుగింటిది స్వరాంతరమనియు పేర్లు పెట్టి గౌరవించినవి. యజ్ఞశాలలో మూడు స్వరములు పవిత్రములు. అడవిలో నాలుగు స్వరములు అపరిష్కృతములు. స్వరసంఖ్య ఒక్కటియే నిర్ణాయకమైనచో ఈ భేదముండరాదు గదా. పాడినవాడెవడన్న విచారము ఈ నియమమున కొంత కలిసియున్నదని మాకు తోచుచున్నది.

ఇది వట్టి పుస్తకవిచారము కాదు. మా వినుకొండ ప్రాంతమున పత్తితీతకును మిరపకోతకును వచ్చు స్త్రీలు పాడుకొను పాటలను, తల్లుల జోలపాటలను శ్రద్ధతో ఆలకించినవారికి తెలియును: వానిలో పెక్కు మూడు నాలుగు స్వరములను దాటి పోవు. ఒకతె చరణమెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. చేతిపని లయను నిలుపును. ఇంటిలో హార్మోనియము ముందు కూరుచుండి సరళీస్వరములు నేర్చుకొను బాలికకు ఆ పాటలు సంగీతము కావని మనము మాటతో చెప్పకున్నను మౌనముతో చెప్పుచున్నాము. బాలమురళీకృష్ణగారు పొలముపాటలనుండి లవంగిని గ్రహించినారని మేము చెప్పుటలేదు. ఆయన స్వరప్రస్తారమార్గమున అచ్చటికి చేరిరి. కాని సభావేదికపై నాలుగు స్వరములతో రాగము పాడి సంగీతరసికులచే తలలూపించిన నాడు, స్వరము తక్కువయని పొలముపాటను చిన్నచూపు చూచుటకు మనకున్న శాస్త్రాధారము వదులైపోయినది. ఆయన ఉద్దేశింపకయే చేసిన గొప్ప సంస్కారమిది.

విరుద్ధపక్షమును కూడ న్యాయముగ వినవలెను. సుప్రసిద్ధ వైణికులు ఎస్. బాలచందరుగారు (1927–1990) ఈ రాగకల్పనమును బహిరంగముగ ఖండించిరి. వారివంటి పక్షమువారి ఆక్షేపణలు ముఖ్యముగ రెండు. స్వరములు పూర్వమునుండి యున్నవే గదా, వానిలో నాలుగింటిని ఏరి పేరు పెట్టినంతమాత్రమున సృష్టియెట్లగుననునది మొదటిది. ఆరోహణావరోహణములు రాగము కాజాలవు, రాగమునకు సంచారము, గమకము, తరతరములుగ వచ్చిన స్వరూపము కావలెననునది రెండవది. ఈ రెండును త్రోసివేయదగినవి కావు.

మొదటిదానికి ఛందశ్శాస్త్రమునుండి సమాధానము దొరకును. పింగళుడు చెప్పిన ప్రస్తారము ననుసరించి గురులఘువులను అన్నివిధముల పేర్చినచో, 20 అక్షరముల పాదమునకు 10,48,576 వృత్తములు పుట్టును. గణితజ్ఞునకు అవన్నియు సమానములే. కాని తెలుగుకవులు ఆ పదిలక్షలలోనుండి ఉత్పలమాలను, మత్తేభవిక్రీడితమును ఎన్నుకొని, వానిలో తెలుగుపలుకు ఒదుగునట్లు చేసిరి. ప్రస్తారమున ఉత్పలమాల మొదటినుండియు కలదు గనుక దానిని మొదట వ్రాసిన కవి చేసినదేమియు లేదందుమా? సంగీతమునను అంతే. ఒక్కొక్క మేళమున షడ్జమును నిలిపి తక్కిన ఆఱింటిలో మూడు స్వరములను ఎన్నుకొనుటకు 20 మార్గములు కలవు. ఆ లెక్కను ఎవడైనను వేయగలడు. అందు ఏది పాటగా పలుకునో చెవితో పట్టి, కృతిగా కట్టి, సభలో నిలబెట్టుట వాగ్గేయకారుని పని. మా వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువగారు కొత్త వృత్తములను కనిపెట్టలేదు. పాత పద్యములలోనే 1941లో ‘గబ్బిలము’ను వెలువరించి, అంతవఱకు ఆ పద్యములకు తెలియని దుఃఖమును వానిచేత పలికించిరి. పాతపాత్రలో కొత్తపదార్థము పోయుట ఒక విధమైన సృష్టి. ఉన్న మట్టితో కొత్తపాత్రను చేయుట వేఱొక విధము. రెండును మనకు కావలెను.

రెండవ ఆక్షేపణమును మేము కొంతవఱకు అంగీకరింతుము. పేరు పెట్టినంతమాత్రమున రాగము పుట్టదు. పుట్టించినవాని కంఠమును విడిచి రెండవవాని కంఠమున బ్రదికినప్పుడే అది రాగమగును. మహతికి ఆ భాగ్యము కలిగినది. తమిళచిత్రమైన ‘అపూర్వ రాగంగళ్’లో 1975లో ఎం. ఎస్. విశ్వనాథన్ గారు ‘అతిశయ రాగం’ అను పాటను ఆ రాగమున కూర్చగా అది యింటింటికిని ప్రాకినది. సంగీతశాస్త్రము తెలియనివారు కూడ ఆ నాలుగు స్వరములను కూనిరాగము తీసిరి. ఆయన కల్పించిన రాగములన్నియు ఇట్టి వ్యాప్తిని పొందినవని చెప్పజాలము. కొన్ని ఆయన కృతితోడనే నిలిచియున్నవి. అయినను ఒక్కొక్క కృతితో నిలిచిన రాగములు త్యాగరాజస్వామి సొమ్ములోను కలవు గదా. తీర్పు చెప్పవలసినది కాలము. ఆ కాలము ఇంకను ముగియలేదు.

ఇదే ప్రశ్నను ఇంచుమించుగ అదే కాలమున పాశ్చాత్యదేశమున వేఱొకడు వేసికొనుట గమనింపదగినది. ఇటలీదేశమున జాచింతో షెల్సీ (1905–1988) అను వాగ్గేయకారుడుండెను. ఉన్నతవంశమున జన్మించి, మనోవ్యాధికి లోనై, పియానోపై ఒకే స్వరమును గంటల తరబడి మ్రోగించుచు ఆ నాదములోనికి చెవిని దింపినవాడు. యోగమునందును ప్రాచ్యదేశముల తత్త్వమునందును ఆయనకు ఆసక్తి మెండు. 1959లో ఆయన వాద్యబృందమునకై నాలుగు ఖండముల రచన నొకదానిని కావించెను. ఒక్కొక్క ఖండమునకు ఒక్కటే స్వరము. ఆ స్వరమును కొంచెము పైకి, కొంచెము క్రిందికి కదల్చుట, ఒక వాద్యమునుండి మఱియొక వాద్యమునకు మార్చుట, ధ్వనిని పెంచుట, తగ్గించుట: ఇంతియే ఆ రచనలో జరుగునది. యూరపువారికి ఇది వింత. గమకమెఱిగిన మనకు ఇది అంత వింత గాదు. ఆయన తాను వాద్యముపై పలికించినదానిని ఇతరులచేత లిపిబద్ధము చేయించుచుండెను. ఆయన మరణానంతరము 1989లో వియేరి తొసాత్తి యను లేఖకుడు ఆ రచనలకు నిజమైన కర్తను తానేయని ప్రకటింపగా పెద్ద వివాదము చెలరేగెను. స్వరములను తగ్గించి నాదమును లోతుగ త్రవ్వినవారిరువురును, ఇది నిజముగ నీ సృష్టియేనా యను ప్రశ్నకు గుఱియైరి. ఎక్కువ స్వరములు కూర్చినవానిని ఎవరును అట్లు అడుగరు. తక్కువతో తృప్తిపడువానినే లోకము అనుమానించును.

కొత్తదానిపై మోజు పడువాడు పాతదానిని నిర్లక్ష్యము చేయునను అపవాదము బాలమురళీకృష్ణగారి విషయమున చెల్లదు. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. అచట సంగీతనిర్వాహకులుగ నున్న కాలమున ‘భక్తిరంజని’ కార్యక్రమముద్వారా ఆయన రామదాసు కీర్తనలను, తత్త్వములను, సదాశివబ్రహ్మేంద్రుల కృతులను తెలుగువారి ప్రభాతములలోనికి తెచ్చిరి. అంతకుముందు భజనగోష్ఠులలో మాత్రమే వినబడుచుండిన పాటలు విద్వత్కంఠమున పరిశుద్ధరూపము దాల్చి, కృష్ణకు ఇరువైపులనున్న పల్లెలకు చేరినవి. విజయవాడ ప్రభుత్వ సంగీతకళాశాలకు ఆయన ప్రధానాచార్యులుగను పనిచేసిరి. ఆయన రచనలు 400కు పైబడినవి. తెలుగు, సంస్కృతములలో కృతులు, వర్ణములు, తిల్లానలు అందు కలవు. బృందావని, కుంతలవరాళి రాగములలోని తిల్లానలు నాట్యగోష్ఠులకు నిత్యభూషణములైనవి. 1978లో మద్రాసు సంగీతవిద్వత్సభవారి సంగీతకళానిధి బిరుదము, 1991లో పద్మవిభూషణము, 2005లో ఫ్రెంచిప్రభుత్వపు షెవాలియే గౌరవము ఆయనకు లభించినవి. ఈ గౌరవముల పట్టికకంటె ఒక సంగతి మాకు ముఖ్యముగ తోచును. రామదాసు కీర్తనను పల్లెటూరి ముసలమ్మకు అర్థమగునట్లు పాడినవాడును, లవంగిని కల్పించి పండితులను కలతపెట్టినవాడును ఒక్కడే. పాతదానిని ప్రేమించుట, కొత్తదానిని చేయుట పరస్పరవిరోధములు కావని ఆయన జీవితమే సాక్ష్యము.

ఇక మన కర్తవ్యమేమి? సంగీతము నేర్పించుట నేడు మధ్యతరగతి గృహములలో అలవాటైనది. సరళి, జంట, అలంకారములు, గీతములు, వర్ణములు వరుసగ నడచుచున్నవి. పోటీలలో బహుమానములును వచ్చుచున్నవి. కాని పదేండ్లు నేర్చిన బాలికను నీవుగా రెండు పంక్తుల స్వరము కట్టి పాడుమనినచో తెల్లబోవును. పద్యము కంఠస్థము చేసిన విద్యార్థిచేత ఒక వాక్యము సొంతముగ వ్రాయింపని చదువు వంటిది ఇది. ఉపాధ్యాయవృత్తిలోనున్న మేము ఈ లోపమును భాషాబోధనమున నిత్యము చూచుచున్నాము. సంగీతబోధనమునను అదియే కలదు.

తల్లిదండ్రులకు మా మనవి యిది. గురువు చెప్పిన పాఠమును చక్కగ నేర్పించుడు. దానిలో లోటు రానీయకుడు. అటుపిమ్మట వారమున కొకనాడు బిడ్డకు నాలుగు స్వరములిచ్చి, వీనితో ఏమి పాడగలవో పాడుమని అడుగుడు. ఇంటికి పనికి వచ్చు అవ్వచేత ఒక పాట పాడించి, అందు ఏ స్వరములున్నవో కనుగొమ్మని చెప్పుడు. మొదట తప్పులు వచ్చును; రానిండు. ఆ బిడ్డలందఱును వాగ్గేయకారులు కాకపోవచ్చును. కాని సంగీతము తమకు అప్పగింపబడిన మూట మాత్రమే కాదనియు, తామును అందు చేయి పెట్టదగినవారమనియు వారికి తెలియును. అవ్వ పాటకు కూడ స్వరములు కలవని తెలిసిన బిడ్డ ఆ అవ్వను చూచు చూపు కొంత మారును. అంతపాటి మార్పునకు నాలుగు స్వరములు చాలును.